చిట్కాలు వద్దు, లెక్క చెప్పండి

మా గ్రూపులో ఒక ఆచారం ఉంది. నొప్పి ముదిరి టైపు చేసే ఓపిక లేనప్పుడు ఒక్క చుక్క పెట్టి ఫోను బోర్లా పడేస్తాం. చూసినవాళ్లలో ఎవరో ఒకరు తిరిగి ఇంకో చుక్క పెడతారు. "ఏమైందక్కా", "టాబ్లెట్ వేసుకున్నారా", దణ్ణం పెట్టే బొమ్మలు, ఇవేవీ పెట్టకూడదు. మెసేజీ వచ్చినప్పుడల్లా ఫోను వెలుగుతుంది, టింగుమంటుంది. ఆ వెలుగూ ఆ టింగూ మైగ్రేన్ మనిషికి ఎలా తగులుతాయో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. వెలుతురు ఓర్చుకోలేని వాళ్లమంతా చేరి వెలిగే పలక మీద సంఘం పెట్టుకున్నామేమిటా అని మాలో మేమే నవ్వుకుంటాం. కానీ గుంటూరులో రాత్రి రెండున్నరకి నేను పెట్టిన చుక్కకి, డాలస్‌లో సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో ఉన్నావిడ జవాబు చుక్క పెడుతుంది. నిద్రపోతున్న మా ఆయన్ని లేపి, నాకు మళ్లీ వచ్చిందని క్షమాపణలా చెప్పుకోవాల్సిన పని ఉండదు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఐదేళ్ల కిందట ఈ వాట్సాప్ గ్రూపులో చేరాను. రెండేళ్లుగా అడ్మిన్లలో ఒకదాన్ని. రెండొందల మంది దాకా ఉంటాం: గుంటూరు, కరీంనగర్, విశాఖ, బెంగళూరు, బహ్రెయిన్, అమెరికాలో నాలుగైదు ఊళ్లు. నాకు ఈ గ్రూపంటే ప్రాణం, దీంతో ఒక పేచీ కూడా ఉంది. ఈ జబ్బున్న వాళ్లం ఒకరికొకరు మందులు చెప్పుకోవడం మానేసి, ఎవరి రోజులు వాళ్లం లెక్కపెట్టుకుని ఆ లెక్క పదిమందికీ చూపించాలంటాను. ఈ మాట గ్రూపులో అన్నందుకు ఇద్దరు వెళ్లిపోయారు, ఒకాయన నన్ను "ఇంగ్లీషు మందుల ఏజెంటు" అన్నాడు. అక్కడ నాలుగు ముక్కల్లో చెప్పలేకపోయింది ఇక్కడ తాపీగా చెప్తాను.

ముందు గ్రూపు నాకేమిచ్చిందో చెప్పాలి. లేకపోతే కృతఘ్నురాలినవుతాను.

నాకు పదిహేడో ఏట మొదలైంది, సరిగ్గా ఇంటర్ పరీక్షలప్పుడు. అమ్మ చూసిన వెంటనే ఒంటికణత నొప్పి అంది, తనకీ ఉండేది కాబట్టి. నాయనమ్మ దిష్టి అంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకి నొప్పి ఇంకో రెండు గంటలు ఎక్కువ కూర్చుంది. ఆ తర్వాత కళ్ల డాక్టరు, చెవి ముక్కు గొంతు డాక్టరు, ఎక్స్‌రేలు. గ్యాస్ పైకి తన్నిందన్నారు. పెళ్లయితే తగ్గుతుందన్నారు, పెళ్లయ్యాక ఒక కాన్పయితే తగ్గుతుందన్నారు. నాకున్నది సైనస్ అని చాలా ఏళ్లు నేను కూడా నమ్మాను. నుదుటి మీద బరువు, ముక్కు కారడం, కళ్లలో నీళ్లు, ఇంకేం కావాలి? అమెరికాలో 2004లో అచ్చయిన ఒక అధ్యయనం ఉంది. తమకున్నది సైనస్ తలనొప్పి అని చెప్పుకున్న దాదాపు 3,000 మందిని పరీక్షిస్తే, నూటికి 88 మంది లక్షణాలు మైగ్రేన్ లక్షణాలే. ఆ 88లో నేనూ ఒకదాన్నని తెలిసేసరికి నాకు ముప్పైఆరు వచ్చాయి.

గ్రూపులో చేరిన వారంలో ఎవరో రాశారు: "నాకు రేపు వస్తుందండీ, పొద్దుట్నుంచి ఆవలింతలు ఆగట్లేదు." నేను కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. నా ఆవలింతలు! క్లాసులో బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆవలిస్తానని పిల్లలు నన్ను అనుకరించేవాళ్లు, రాత్రంతా ఏం చేస్తారమ్మా అని హెడ్మాస్టరు గారు అడిగారు. అది బద్ధకం కాదని, నొప్పికి ముందు రోజు వచ్చే కబురని నాకు ఇరవై ఏళ్లలో ఎవరూ చెప్పలేదు. మెడ పట్టేయడం, ఊరికే చిరాకు, తీపి మీదికి మనసు పోవడం, ఇవన్నీ ఆ కబురులో భాగమే. నొప్పి తగ్గాక ఒక రోజంతా పిండి ఆరేసిన చీరలా ఉండటం కూడా జబ్బులో భాగమే. వైద్య పుస్తకాల్లో ఇవన్నీ ఉన్నాయి. కానీ పుస్తకంలో ఉన్నది నా దాకా రావడానికి కరీంనగర్లో ఒక మనిషి ఆవలించాల్సి వచ్చింది.

పక్క రాష్ట్రం కర్ణాటకలో పెద్దవాళ్ల మీద ఇల్లిల్లూ తిరిగి సర్వే చేస్తే, ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవాళ్లు నూటికి 25 మంది తేలారు. మా స్టాఫు రూములో ముప్పైరెండు మందిమి. అంటే ఎనిమిది మంది. "నాకూ ఉంది" అని నోరు తెరిచి చెప్పింది నేనొక్కదాన్నే. మిగతా ఏడుగురూ ఎక్కడ?

ఇక పేచీ.

గ్రూపులో రోజూ కనీసం ఒక చిట్కా వస్తుంది. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేయమంటారు. నొప్పి ఎడమవైపుంటే కుడి ముక్కులో ఆకు పసరు పిండమంటారు. పొద్దు పొడవకముందే పాలల్లో జిలేబీ నంజుకోమంటారు. కాళ్లు వేణ్ణీళ్లలో, మెడ మీద ఐసు. ఫలానా ఊళ్లో మంత్రం వేసేవారున్నారని, ఆదివారాలు మాత్రమే వేస్తారని. ప్రతిదాని కిందా ముగ్గురు నలుగురు రాస్తారు: "నాకు పనిచేసింది." వాళ్లు అబద్ధాలాడుతున్నారని నేననను. నా అనుమానమంతా ఈ జబ్బు స్వభావం మీదే.

మైగ్రేన్ దానంతటదే తగ్గే నొప్పి. మందేమీ వేసుకోకపోయినా మామూలుగా నాలుగు గంటల నుంచి 72 గంటల్లోపు పోతుంది. అంతర్జాతీయ తలనొప్పి సంఘం నిర్వచనంలోనే ఆ గడువు రాసి ఉంది. మనమేం చేస్తాం? మొదట ఊరుకుంటాం, తర్వాత కాఫీ తాగుతాం, బామ్ రాస్తాం, గుడ్డ బిగించి కట్టుకుంటాం. ఇక భరించలేమన్నప్పుడు, అంటే నొప్పి శిఖరం మీదున్నప్పుడు, పసరు దాకా వెళ్తాం. శిఖరం తర్వాత మిగిలింది దిగుడే. స్టాపులో ఎలాగూ ఆగే బస్సుకి చెయ్యెత్తినవాడు తానే ఆపాననుకున్నట్టు, ఆఖర్న చేసిన పనికి పేరొస్తుంది.

ఇంకోటి, నా వృత్తిలోంచే చెప్తాను. పరీక్షలో ఎప్పుడూ లేనంత తక్కువ మార్కులొచ్చిన పిల్లాణ్ణి తిడతాం. తర్వాతి పరీక్షలో వాడికి కాస్త ఎక్కువొస్తాయి. తిట్టు పనిచేసిందనుకుంటాం. నిజానికి మరీ కిందికి పడిన మార్కు తర్వాతిసారి వాడి మామూలు స్థాయికి తిరిగి రావడమే జరిగింది. తిట్టకపోయినా వచ్చేది. చాలా ఏళ్లు నేను కూడా అదంతా నా నోటి మహిమ అనుకున్నాను, ఆ పిల్లలు ఇప్పుడు కనిపిస్తే సిగ్గేస్తుంది. మైగ్రేన్‌లోనూ ఇంతే. నెలలో పన్నెండు రోజులు పడుకోబెట్టిన తర్వాతే కొత్త మందు వెతుక్కుంటాం. తర్వాతి నెల ఎనిమిది రోజులే వస్తుంది. ఆ నాలుగు రోజులూ జిలేబీ ఖాతాలో పడతాయి.

దేనివల్ల వచ్చిందనే లెక్కలో కూడా ఇలాంటి తిరకాసే. చాక్లెట్ తిన్నాను, మర్నాడు వచ్చింది, కాబట్టి చాక్లెట్ పడదు అనుకుంటాం. తీపి మీదికి మనసు పోవడం ముందు రోజు కబురులో భాగమని ఇందాక చెప్పాను కదా. అప్పటికే బయల్దేరిన నొప్పి చాక్లెట్ అడిగిందేమో. మా గ్రూపులో చాక్లెట్, పెరుగు, అరటిపండు, టమాటా, వంకాయ, వేరుశనగ అన్నీ మానేసి చిక్కి సగమైన అమ్మాయి ఉంది. ఆమె నొప్పి మాత్రం చిక్కలేదు.

చిట్కాలను వెక్కిరించే హక్కు తెలుగువాళ్లకి లేదని కూడా ఒప్పుకుంటాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే వారపత్రికగా ఆంధ్రపత్రిక పెట్టారు. తర్వాత మద్రాసులో అది దినపత్రికైంది, 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. మన పత్రికల పునాదిలో ఎంతమంది తలనొప్పి ఉందో! మా అమ్మ దిండు పక్కన ఆ పసుపుపచ్చ సీసా లేని రోజు నాకు గుర్తులేదు. నుదుటి మీద అమ్మ వేళ్లు తిరుగుతుంటే కలిగే హాయిలో బామ్ వాటా ఎంతో, వేళ్ల వాటా ఎంతో నేను ఎప్పుడూ విడదీయలేదు. విడదీయక్కర్లేదు కూడా. నుదుటికి రాసుకునే బామ్ వల్ల పెద్దగా నష్టం లేదు.

నాకు భయమేసేది మాత్రల మాటలొచ్చినప్పుడే.

నేను వాడింది ఎర్గోటమిన్, కెఫీన్, పారాసెటమాల్ కలిపిన మాత్ర. మందుల షాపులో చీటీ అడగకుండానే పది మాత్రల షీటు ఇచ్చేవాడు, తర్వాత తర్వాత నన్ను చూడగానే తీసి బల్ల మీద పెట్టేవాడు. గ్రూపులో చేరిన కొత్తలో ఒక మంచి సలహా దొరికింది: నొప్పి ముదిరేదాకా ఆగకుండా మొదట్లోనే వేసుకోవాలి, అప్పుడే బాగా పనిచేస్తుంది. అది నిజమే. దాని రెండో సగం మాత్రం ఎవరూ చెప్పలేదు. మొదట్లోనే వేసుకోవడం అలవాటైతే, వస్తుందేమోనన్న భయానికి కూడా వేసుకుంటాం.

న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తే ఆయన నొప్పి సంగతి తర్వాత అడిగాడు. మొదటి ప్రశ్న, "నెలకి ఎన్ని రోజులు మాత్ర పడుతుంది?" అప్పుడప్పుడూ అన్నాను. "అప్పుడప్పుడు అంటే లెక్కల టీచరు భాషలో ఎంతమ్మా?" అన్నాడు. ఇంటికొచ్చి వంటింటి క్యాలెండరు చూశాను. తిథి నక్షత్రాల పక్కన పాల ప్యాకెట్ల లెక్క ఉంది, గ్యాస్ బండ వచ్చిన తేదీ ఉంది, పనమ్మాయి రాని రోజుల మీద ఇంటూ గుర్తులున్నాయి. నా మాత్రలు లేవు. ఆ నెల రాశాను. పంతొమ్మిది.

ఇలాంటి కలగలుపు మాత్రలు, మైగ్రేన్ నొప్పికి వాడే ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్ నెలకి 10 రోజులు, ఉత్త పారాసెటమాల్ లాంటివైతే 15 రోజులు, మూడు నెలలకు మించి వాడుతూ పోతే ఆ మందే తలనొప్పి తెచ్చిపెట్టగలదు. దానికి వైద్యంలో పేరూ ఉంది, మందుల మితిమీరిన వాడకపు తలనొప్పి అని. నేను ఏ తాడు పట్టుకుని నూతిలోంచి పైకి వస్తున్నాననుకున్నానో, అదే నన్ను కిందికి దించుతోంది. డాక్టరు ఆ మాత్ర ఆపించి, రోజూ వేసుకునే నివారణ మందు మొదలుపెట్టాడు. మొదటి పది రోజులూ నరకం. సెలవు పెట్టాను, తలుపులకి దుప్పట్లు కట్టాను, వాంతులతో సన్నబడ్డాను. ఆ పది రోజులూ నా చుక్కకి జవాబు చుక్క రాని రాత్రి లేదు. మూడో నెలకి నొప్పి రోజులు ఆరుకి దిగాయి.

అంటే, నన్ను నిలబెట్టినవీ ఆ గ్రూపులోని చుక్కలే, అంతకుముందు పంతొమ్మిది దాకా వెళ్లేలా "వేసుకోండి అక్కా, ఆగకండి" అన్నదీ ఆ గ్రూపే. ఈ రెంటినీ వేరుచేయడమే నా పేచీ అంతా.

మంచి మనసుతోనే చీటీల ఫొటోలు పెడతారు. ఎవరికైనా పనికొస్తుందని. ఒకావిడ ప్రొప్రనొలాల్ అనే నివారణ మందు చీటీ పెట్టింది, ఇంకో ఆవిడ కొనుక్కోబోయింది. ఆమెకి ఉబ్బసం. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆ మందు ఊపిరికే ఎసరు. ఇంకో చీటీలో వాల్‌ప్రోయేట్ ఉంది. అదీ నివారణ మందే, చాలామందికి మేలు చేస్తుంది, గర్భంలో బిడ్డకి మాత్రం అవకరాలు తేగలదు. ఆ చీటీ పెట్టినాయన మగవాడు, ఆయనకి ఆ ముక్క ఎవరూ చెప్పి ఉండరు. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు కనపడేవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వేసుకోకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఒకే గ్రూపులో, ఒకే జబ్బు పేరు కింద, ఒకరికి పడిన మందు ఇంకొకరికి ఇంత తేడాగా ఉంటుంది. ఒకసారి ఒకాయన "పిడుగు పడ్డట్టు ఒక్క క్షణంలో వచ్చింది, జన్మలో ఇలాంటిది లేదు" అని రాస్తే కింద నలుగురు చిట్కాలు పెట్టారు. బహ్రెయిన్‌లో నర్సుగా చేసే అమ్మాయి చూసి, "ఈ మెసేజీ ఇక్కడ కాదు అన్నయ్యా, ఎమర్జెన్సీ వార్డులో చెప్పాలి, ఇప్పుడే వెళ్లండి" అని రాసింది. ఆయన వెళ్లాడు. ఆ రోజు నుంచి ఆ వాక్యం గ్రూపు వివరణలో మొదటి వరుస.

నన్ను ఏజెంటు అన్నాయన వాదనలో బలం ఉంది, దాటవేయను. "మీకు గుంటూరులో న్యూరాలజిస్టు ఉన్నాడు. మా ఊరినుంచి రెండు బస్సులు మారాలి. వెళ్తే ఐదు నిమిషాలు చూస్తాడు, తల ఎత్తడు. గ్రూపు కాకపోతే మాకెవరు చెప్తారు?" నిజమే. ఖాళీ ఉన్నచోటికే నీరు చేరుతుంది. కానీ ఆ ఐదు నిమిషాలకి ఏది పనికొస్తుంది? "చాలా నొప్పండీ, తట్టుకోలేకపోతున్నా" అంటే ఐదు నిమిషాలూ అందులోనే అయిపోతాయి. "మూడు నెలల్లో నొప్పి రోజులు 14, 11, 16. మాత్ర రోజులు 9, 8, 13" అని కాగితం ముందు పెడితే, తల ఎత్తని డాక్టరు కూడా ఎత్తుతాడు. నెలకి 15 రోజులు, అంతకుమించి తలనొప్పి ఉంటూ మూడు నెలలు దాటితే జబ్బు పేరే మారుతుంది, దీర్ఘకాలిక మైగ్రేన్ అవుతుంది, వైద్యమూ మారుతుంది. ఆ గీత దాటామో లేదో చెప్పగలిగింది మనమే.

అందుకే ఇప్పుడు మా గ్రూపులో ఒకటో తారీఖున అందరూ రెండు అంకెలు పెడతాం. మొదటిది నొప్పి రోజులు, రెండోది మాత్ర రోజులు. వ్యాఖ్యానాలు ఉండవు. రెండో అంకె పది దాటితే నేనో ఇంకో అడ్మినో విడిగా ఒక్క మాట రాస్తాం: ఈ అంకె డాక్టరుకి చూపించండి. అంతకుమించి చెప్పే అర్హత మాకు లేదు.

లెక్క అన్నానుగానీ, లెక్క కూడా మోసం చేస్తుంది. వైద్యులు వాడే ఒక ప్రశ్నాపత్రం ఉంది, మైడాస్ అంటారు. గత మూడు నెలల్లో ఎన్ని రోజులు ఉద్యోగానికి వెళ్లలేకపోయారు, ఎన్ని రోజులు ఇంటిపని చేయలేకపోయారు, ఇలా ఐదు ప్రశ్నలు. అన్నీ కలిపి 21 గానీ అంతకుమించి గానీ అయితే తీవ్రం. దాన్ని తెలుగు చేసి గ్రూపులో పెట్టాం. ఇంటిపని ప్రశ్నకి ఆడవాళ్ల జవాబులు చూస్తే సున్నా, సున్నా, ఒకటి, సున్నా. నెలకి పది రోజులు వాంతులు చేసుకునేవాళ్లవి! అడిగితే ఒకావిడ, "చేయలేకపోవడం అంటే ఏంటండీ, చేయకపోతే ఎవరు చేస్తారు? బకెట్ పక్కన పెట్టుకుని పోపు వేశాను" అంది. ఆ కాగితం ప్రకారం ఆవిడకి జబ్బే లేదు. ఇప్పుడు మేం ఆ ప్రశ్న ఇలా అడుగుతున్నాం: వేరే ఎవరైనా చేసిపెడతానంటే ఎన్ని రోజులు మంచం దిగేవారు కాదు? అది శాస్త్రానికి ఒప్పదని నాకు తెలుసు. డాక్టరుకిచ్చే కాగితంలో అసలు ప్రశ్నే ఉంచుతాం, ఇది కింద విడిగా రాసుకుంటాం.

రోగులు పోగేసిన మాటల్లోంచి నిజం బయటపడదా అంటే, పడుతుంది. తలస్నానం సంగతే చూడండి. తలంటుకుంటే నొప్పి వస్తుందని మన ఆడవాళ్లు తరతరాలుగా చెప్తున్నారు. శుక్రవారం తలంటు తప్పించుకోవడానికి సాకులంటూ అత్తగార్లు తీసిపారేశారు. పాశ్చాత్య పుస్తకాల జాబితాల్లో అది కనిపించేది కాదు. ముంబయి తలనొప్పి నిపుణుడు కె. రవిశంకర్ తన దగ్గరికొచ్చిన 94 మంది భారతీయ రోగులకి తలస్నానంతో మైగ్రేన్ రావడాన్ని గమనించి 2006లో ఒక అంతర్జాతీయ పత్రికలో రాశారు. అందులో కొందరికి అదొక్కటే కారణం. ఆ 94 మందీ ఆయనకి మందేమీ చెప్పలేదు. ఎప్పుడొచ్చిందో, దేని తర్వాత వచ్చిందో చెప్పారు, ఆయన రాసుకున్నాడు. నేను గ్రూపుని అడుగుతున్నది ఇదే పని.

ఇంకో ఇబ్బంది ఉంది, దానికి నా దగ్గర మందు లేదు. పెళ్లికాని అమ్మాయిలు గ్రూపులో అసలు పేరుతో ఉండరు. ఒక తల్లి నాకు ఫోను చేసి, "మేడం, సంబంధాలు చూస్తున్నాం, మా అమ్మాయి నంబరు తీసేయండి, ఎవరైనా చూస్తే బాగుండదు" అంది. తీసేశాను. ఆ పిల్ల మర్నాడు వేరే నంబరుతో, ఏదో పువ్వు బొమ్మతో మళ్లీ చేరింది. మగవాళ్లది ఇంకో రకం. ఆడవాళ్లలో మూడు రెట్లు ఎక్కువని అందరికీ తెలుసు కాబట్టి, ఉన్న కొద్దిమంది మగవాళ్లూ దీన్ని ఆడవాళ్ల జబ్బనుకుని నోరు విప్పరు. ఒకటో తారీఖున అంకెలు మాత్రం టంచనుగా పెడతారు.

డాక్టర్లు ఈ గ్రూపుల గురించి అనే మాట ఒకటుంది: ఇరవై నాలుగ్గంటలూ నొప్పి గురించే మాట్లాడుకుంటే నొప్పే మీ చిరునామా అయిపోతుంది. మొదట్లో కోపమొచ్చింది. తర్వాత మా పాత సభ్యుల జాబితా తీసి చూశాను. ఐదేళ్లలో చాలామంది వచ్చి వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లు ఎవరు? కోపం వచ్చినవాళ్లు కొందరు. మిగతావాళ్లలో ఎక్కువమంది, నాకు తెలిసినంతలో, తగ్గినవాళ్లు. మందు కుదిరినవాళ్లు, ముట్లుడిగాక నెమ్మదించినవాళ్లు. తగ్గినవాళ్లు తగ్గిందని చెప్పి పోరు, ఊరికే పోతారు. మిగిలేది తగ్గనివాళ్లం. కొత్తగా చేరిన పంతొమ్మిదేళ్ల పిల్లకి గ్రూపు తెరవగానే మేమే కనిపిస్తాం, ఇరవై ఏళ్లుగా, ముప్పై ఏళ్లుగా పడుతున్నవాళ్లం. ఈ జబ్బు ఎవరికీ తగ్గదనుకుంటుంది. తప్పు ఆమెది కాదు. పరీక్ష పాసైనవాళ్లందరూ బడి వదిలి వెళ్లిపోయాక, మిగిలిన తరగతిని చూసి ఈ బడిలో ఎవరూ పాసవరని ఇన్‌స్పెక్టరు రాసుకున్నట్టు.

అందుకని ఈ సంక్రాంతికి ఒక పని చేశాను. వెళ్లిపోయినవాళ్లలో నా దగ్గర నంబర్లున్న ముప్పైనలుగురికి మెసేజీ పెట్టాను: మీకిప్పుడు నెలకి ఎన్ని రోజులు? అంకె ఒక్కటే చాలు. పంతొమ్మిది మంది జవాబిచ్చారు. రెండు, నాలుగు, ఒకటి, మూడు. ఇద్దరికి ఏమీ తగ్గలేదు, విసుగొచ్చి వెళ్లారట, ఆ అంకెలు కూడా వేశాను. అన్నీ పేర్లు లేకుండా గ్రూపులో పెట్టాను. ఒకావిడ అంకె పంపలేదు. అప్పట్లో రోజు విడిచి రోజు అర్ధరాత్రి చుక్క పెట్టేది, ఆమె చుక్కకి నేనే ఎన్నోసార్లు లేచాను. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది.

"సారీ అక్కా, ఎవరో అనుకున్నాను. ఆ గ్రూపు సంగతే మర్చిపోయాను."

దాన్ని గ్రూపులో అందరికంటే పైన పిన్ చేసి పెట్టాను.